పారిశుద్ధ్య కార్మికులు టీకాకు ఎందుకు రావడం లేదు? విజయనగరం, శ్రీకాకుళం సభ్యులు చెప్పండి

చంపావతి | 9 ఫిబ్రవరి 2021, రాత్రి 9:40

నేను విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను, చెబితే మావాళ్ళకు ఇబ్బంది. జనవరి 16న టీకా మొదలైన వారంలోనే నేను కోవిషీల్డ్ వేయించుకున్నాను. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు. మర్నాడు మధ్యాహ్నానికి తగ్గాయి. ఇప్పుడు పురపాలక, రెవెన్యూ, పోలీసు సిబ్బంది వంతు వచ్చింది.

నిన్న మా కేంద్రానికి 40 మంది పారిశుద్ధ్య కార్మికుల పేర్లతో జాబితా వచ్చింది. మనుషులు వచ్చింది ఎనిమిది మంది. ఒక వయల్‌లో పది డోసులుంటాయి. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. పదకొండింటికి తెరిచాను. ఎనిమిదో మనిషికి వేశాక వయల్‌ను ఐస్‌ప్యాక్ మీద పెట్టి వరుసగా ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. జాబితాలో లేనివాళ్ళకు వేయకూడదు. ఉన్నవాళ్ళేమో ఎన్నికల పనుల్లో ఉన్నారు. మూడు కావస్తుండగా ఒక వీఆర్ఓ గారు బండి మీద వచ్చి చేయి చాపారు. పదో డోసు మాత్రం అలాగే ఉండిపోయింది. అర మిల్లీలీటరు మందు. గాజు అడుగున తడిలాగా కనిపించేంత. దాన్ని పారేసేటప్పుడు నాకు అన్నం పారేసినట్టే అనిపించింది.

సాయంత్రం దారిలో మా వార్డు ఊడ్చే పెద్దమ్మ కనిపిస్తే ఎందుకు రాలేదని అడిగాను. ఆవిడ చీపురు గోడకు ఆనించి, "అమ్మా, నీకు జ్వరం వస్తే సెలవుంది. నాకు జ్వరం వస్తే రేపటి మస్టరులో హాజరు ఎవరు వేస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జీతం ఆపుతామని బెదిరించి టీకా వేయడం నాకు ఇష్టం లేదు. మీ దగ్గర ఎలా జరుగుతోంది? వాళ్ళకు తెలివి లేదని మాత్రం దయచేసి ఎవరూ రాయకండి.

డిపో_నుంచి | 9 ఫిబ్రవరి 2021, రాత్రి 10:25

చంపావతి గారూ, నేను శ్రీకాకుళం వైపు ఆర్టీసీ డ్రైవర్ని. ఇచ్ఛాపురం దాకా రోజూ ఎంతమందిని ఎక్కించుకుంటానో లెక్కలేదు. మా పేర్లు ఈ జాబితాలో లేవు. నాకు 43 ఏళ్ళు, వయసు వంతు కూడా ఇప్పట్లో రాదు. మీరు పారేసిన ఆ ఒక్క డోసు గురించి చదివి మనసు కలుక్కుమంది. వద్దనేవాళ్ళను బతిమాలడం, కావాలనేవాళ్ళను ఆగమనడం ఏం న్యాయం?

నాలుగున్నర_మస్టరు | 9 ఫిబ్రవరి 2021, రాత్రి 11:10

డ్రైవర్ గారి బాధ నిజమే. కానీ వద్దనేవాళ్ళు ఎందుకు వద్దంటున్నారో కూడా వినండి. నేను పారిశుద్ధ్య మేస్త్రిని. తెల్లవారుజామున నాలుగున్నరకు మస్టరు. నా కింద 22 మంది ఉన్నారు.

మస్టరు భయం ఒకటి ఉంది, పెద్దమ్మ చెప్పింది అక్షరాలా నిజం. కానీ దానికన్నా లోతైనది ఇంకొకటి ఉంది. నిరుడు మార్చిలో అందరూ తలుపులు వేసుకున్నప్పుడు మేం వీధుల్లో ఉన్నాం. కరోనా వచ్చిన ఇంటి ముందు సున్నం, బ్లీచింగ్ చల్లింది మేమే. ఆ ఇంటి చెత్త ఎత్తింది మేమే. మార్చి 22న చప్పట్లు కొట్టారు. మా మెడలో పూలదండలు వేసి ఫొటోలు తీసుకున్నారు. చేతి తొడుగులు మాత్రం ఒక్కో జత వచ్చింది, వారానికి చిరిగిపోయింది. ఆ తర్వాత చీర చెంగే మాస్కు.

ఇప్పుడు మావాళ్ళు అడుగుతున్నది ఇదీ. "అన్నా, సబ్బు మనకు చివర వచ్చింది, బూట్లు చివర వచ్చాయి, జీతం ఎప్పుడూ చివరే. ఈ సూది మాత్రం కలెక్టర్ల కన్నా, మంత్రుల కన్నా ముందు మనకెందుకు వచ్చింది? మన మీద వేసి చూస్తున్నారా?"

మీరే చెప్పండి, ఈ ప్రశ్నలో తప్పేముంది? అనుభవంతో అడిగిన ప్రశ్న అది. నేను కూడా ఇంకా వేయించుకోలేదు.

విశ్రాంత_గుమాస్తా | 10 ఫిబ్రవరి 2021, ఉదయం 6:15

మూడు దశాబ్దాలు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంత బతిమాలాట అవసరం లేదు. టీకా వేయించుకోని వారికి ఈ నెల జీతం లేదని ఒక సర్క్యులర్ పంపిస్తే రెండు రోజుల్లో 40కి 40 మంది వరుసలో నిలబడతారు. మశూచి పోయింది ఇలాగే, టీకాలవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పట్టుకుని వేస్తేనే. నా చేతి మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

చంపావతి | 10 ఫిబ్రవరి 2021, ఉదయం 7:02

అయ్యా, వరుసలో నిలబడతారు, కాదనను. కానీ ఇది ఒక్క సూదితో అయిపోయేది కాదు. 28 రోజులకు రెండోది ఉంది. భయంతో మొదటిదానికి వచ్చినవాళ్ళు రెండోదానికి ఊళ్ళోనే ఉండరు. రేపు వాళ్ళ పిల్లలకు ఏ టీకా వేయాలని వెళ్ళినా నన్ను చూసి తలుపు వేసుకుంటారు. నేను ఆ వీధుల్లోనే ఇంకా ఇరవై ఏళ్ళు పనిచేయాలి.

మందుల_మాస్టారు | 10 ఫిబ్రవరి 2021, మధ్యాహ్నం 1:30

నేను వైద్య కళాశాలలో ఔషధశాస్త్రం చెబుతాను. మేస్త్రి గారి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి.

మన దగ్గర ఇప్పుడు రెండు టీకాలున్నాయి. రెండింటికీ జనవరి 3న అనుమతి వచ్చింది. కోవిషీల్డ్ ఆక్స్‌ఫర్డ్, ఆస్ట్రాజెనెకాలది, పుణెలో సీరం సంస్థ తయారు చేస్తోంది. మూడో దశ ప్రయోగాల ఫలితాలు వచ్చాకే అనుమతించారు, సమర్థత సుమారు 70 శాతం. హైదరాబాద్‌లో తయారయ్యే కోవాగ్జిన్‌కు మాత్రం మూడో దశ ఫలితం రాకముందే, ప్రయోగ పద్ధతిలోనే వాడాలన్న షరతుతో అనుమతి ఇచ్చారు. అందుకే దానికి అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటున్నారు. ఈ తేడాను దాచకూడదు. మీ కేంద్రంలో ఏది వేస్తున్నారో కార్మికులకు పేరుతో సహా చెప్పండి. చెప్పకపోతే రేపు ఎవరి నుంచో వింటారు, అప్పుడు మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా అబద్ధాలైపోతాయి.

"మన మీద వేసి చూస్తున్నారా" అన్నదానికి: కోవిషీల్డ్‌ను అంతకు ముందే బ్రిటన్, బ్రెజిల్, దక్షిణాఫ్రికాలలో వేలమంది వాలంటీర్లకు ఇచ్చి చూశారు. ఇక్కడ మొదటి విడతలో వైద్యులు, నర్సులు కూడా వేసుకున్నారు. మీకు ముందు ఇవ్వడానికి కారణం, జబ్బు మీకు ముందు తగిలే అవకాశం ఉండడమే.

జ్వరం గురించి: శరీరం శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటున్నప్పుడు వచ్చే వేడి అది. కోవిషీల్డ్‌లో ఉన్నది చింపాంజీలకు జలుబు తెచ్చే ఒక వైరస్, మన ఒంట్లో పెరగకుండా మార్చింది. కరోనా వైరస్ అందులో లేదు, కాబట్టి టీకా వల్ల కరోనా రాదు. కానీ "ఏమీ కాదు" అని మాత్రం చెప్పకండి. "ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు ఒళ్ళు నొప్పులుంటాయి, పారాసిటమాల్ వేసుకోండి" అని ముందే చెప్పండి. ఏమీ కాదని విన్నవాడికి చలిజ్వరం వస్తే చచ్చిపోతున్నానని భయపడతాడు. ముందే తెలిసినవాడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడు.

వంశధార_తీగ | 10 ఫిబ్రవరి 2021, రాత్రి 8:45

విద్యుత్ లైన్‌మన్‌ని. మాస్టారూ, చదువుకున్నవాళ్ళు చెప్పేది బాగానే ఉంటుంది. గత నెల గుంటూరు జిల్లాలో టీకా వేయించుకున్న ఆశా కార్యకర్త కొద్ది రోజులకే చనిపోయింది కదా. పేపర్లో చదివాం. ఆమె కుటుంబానికి ఎవరు జవాబు చెప్పారు? నా భార్యకు షుగర్. నాకు ఇద్దరు ఆడపిల్లలు. స్తంభం ఎక్కేవాడికి ఒక్క క్షణం కళ్ళు తిరిగినా చాలు.

ఇంకొకటి. టీకా వేసుకుంటే నెలన్నర మందు తాగకూడదని మా దగ్గర అందరూ అంటున్నారు. పిల్లలు పుట్టరని కుర్రాళ్ళు భయపడుతున్నారు. ఇవన్నీ నిజమా, అబద్ధమా?

మందుల_మాస్టారు | 10 ఫిబ్రవరి 2021, రాత్రి 9:50

ఒక్కొక్కటీ చెబుతాను. మందు తాగితే టీకా పనిచేయదనడానికి ఆధారం లేదు. నెలన్నర నియమం ఏదీ లేదు. జ్వరం, నొప్పులు ఉన్న ఆ రెండు రోజులు తాగకపోవడం మంచిది, అంతే. పిల్లలు పుట్టరన్న మాటను ఔషధ నియంత్రణ అధికారే అనుమతి ఇచ్చిన రోజున కొట్టిపారేశారు. షుగర్ ఉన్నవాళ్ళకు కరోనా వస్తే ప్రమాదం ఎక్కువ, కాబట్టి మీ ఇంటావిడకు వంతు రాగానే వేయించండి.

గుంటూరు సంగతి మాత్రం కొట్టిపారేయలేను. టీకా తర్వాత ఎవరు చనిపోయినా కమిటీ విచారించాలన్న నియమం ఉంది. లక్షలమందికి వేసినప్పుడు, టీకాతో సంబంధం లేని మరణాలు కూడా ఆ రోజుల్లోనే జరుగుతాయి. ఏది ఏదో తేల్చడానికే విచారణ. తేల్చింది జనానికి తెలిసే భాషలో త్వరగా చెప్పకపోతే మీలాంటివారు అనుమానించడం న్యాయమే. ఆరోగ్య కార్యకర్తలకు ప్రకటించిన 50 లక్షల బీమా కూడా కరోనాతోనో, కరోనా విధుల్లో ప్రమాదవశాత్తూనో మరణిస్తేనే వర్తిస్తుంది. ఈ లోటును నేను కప్పిపుచ్చను.

మీరు స్తంభం ఎక్కేవారు కాబట్టి ఒక మాట. వేయించుకున్న మర్నాడు ఎక్కకండి. మీ ఏఈ (సహాయ ఇంజినీరు) గారికి ముందే చెప్పి కింద పని అడగండి.

నాలుగున్నర_మస్టరు | 10 ఫిబ్రవరి 2021, రాత్రి 10:20

మందు మాట అడిగినందుకు లైన్‌మన్ తమ్ముడికి దండం. ఎవరూ పైకి అడగరు. కాలువలోకి దిగే నా మనుషులు నలుగురున్నారు. ఆ వాసనకు గ్లాసు పడకుండా దిగలేరు. నెలన్నర మానాలంటే నెలన్నర పని మానాలన్నట్టే వాళ్ళకు. రేపు పొద్దున మస్టరులో ఇదే మొదట చెబుతాను.

సీతంపేట_బడి | 11 ఫిబ్రవరి 2021, సాయంత్రం 5:15

ఏజెన్సీలో ఉపాధ్యాయుణ్ణి. సవర, జాతాపు పిల్లలకు చెబుతాను. "మన మీద వేసి చూస్తున్నారా" అన్న ప్రశ్నకు ఒక పాత సంగతి జోడించాలి.

2009లో, ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకాను పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు వేశారు. వేలమందికి. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. ఒక విదేశీ సంస్థ చేసిన అధ్యయనం అది. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

విశ్రాంత_గుమాస్తా | 11 ఫిబ్రవరి 2021, సాయంత్రం 6:40

ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది కదా. ఈ సమయంలో పాత గాయాలు కెలకడం వల్ల ప్రయోజనం ఏమిటి? ఇది చదివి ఉన్న ఎనిమిది మందీ పారిపోతారు.

సీతంపేట_బడి | 11 ఫిబ్రవరి 2021, రాత్రి 7:30

అవును, మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. అదీ రాయాల్సింది, రాయకపోవడం నా పొరపాటు. మందుది కాదు తప్పు, అడగకపోవడంలో ఉంది. ఆ పిల్లల తల్లులను కూర్చోబెట్టి చెప్పి ఉంటే చాలామంది ఒప్పుకునేవారేమో. అడగకుండా సంతకం పెట్టించడం వల్ల ఒక మంచి టీకా పేరు కూడా చెడిపోయింది. అయ్యా, మీ సర్క్యులర్ మాట విన్నప్పుడు నాకు ఆ వార్డెన్ల సంతకాలే గుర్తొచ్చాయి. మిమ్మల్ని నొప్పించాలని కాదు.

ఉద్దానం_కొబ్బరి | 11 ఫిబ్రవరి 2021, రాత్రి 9:05

కవిటి మండలం నుంచి. మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. మా ప్రాంతం మాట చెబుతాను, ఎందుకంటే మా పంచాయతీలో చెత్త బండి నడిపేవాళ్ళు కూడా వద్దంటున్నారు, కారణం మాత్రం వేరు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తుందో ఇన్నేళ్ళయినా తేలలేదు. ఎన్నో బృందాలు వచ్చాయి. రక్తం తీశారు, నీళ్ళు తీశారు, మట్టి తీశారు. మా అమ్మ నాలుగుసార్లు చేయి చాపింది. ఒక్కసారి కూడా ఫలితం కాగితం ఇంటికి రాలేదు. అందువల్ల మాకు సూది అంటే, మా నుంచి తీసుకెళ్ళేవాళ్ళ సూదే. ఇచ్చేవాళ్ళ సూది అని నమ్మడం కష్టం. "క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో తెలియకుండా ఈ మందు పడితే ఉన్న కిడ్నీ కూడా పోతుందేమో" అని బండి నడిపే అబ్బాయి అడిగాడు. 31 ఏళ్ళవాడు. వాళ్ళింట్లో ఇద్దరు పోయారు.

మాస్టారూ, అతనికి ఏం చెప్పాలి?

మందుల_మాస్టారు | 11 ఫిబ్రవరి 2021, రాత్రి 10:30

కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ టీకా వద్దని ఎక్కడా లేదు. డయాలసిస్ మీద ఉన్నవారికి కరోనా వస్తే ప్రాణాపాయం చాలా ఎక్కువ. వారానికి రెండు మూడుసార్లు కేంద్రానికి వెళ్ళక తప్పదు, ఇంట్లో కూర్చునే వీలు లేదు. కాబట్టి మీ నాన్నగారికి వంతు రాగానే వైద్యుణ్ణి అడిగి వేయించండి. ఆ అబ్బాయికి ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ కాగితం అతని చేతికే ఇప్పించండి. టీకాకు అది అవసరం లేదు. కానీ అతనికి అవసరం. ఇన్నేళ్ళ తర్వాత ఒక ఫలితం చేతికి వస్తే, మీ మాట వినే మనసు రావచ్చు.

నిర్వాహకులు | 12 ఫిబ్రవరి 2021, ఉదయం 8:00

ఎవరు చేశారో తెలియని ఆడియోలను ఇక్కడ పెట్టకండి, మూడు తొలగించాం. కార్మికుల పేర్లు, ఫొటోలు వద్దు.

చంపావతి | 20 ఫిబ్రవరి 2021, రాత్రి 9:15

చాలా చెప్పాలి, కొంచెం ఓపిక పట్టండి.

సోమవారం తెల్లవారుజామున నాలుగుంపావుకు మస్టరు దగ్గరికి వెళ్ళాను. వాళ్ళను కేంద్రానికి పిలవడం కాదు, ముందు నేనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలని ఈ చర్చ చదివాకే తట్టింది. వీధిదీపం కింద అందరూ చలికి ముడుచుకుని ఉన్నారు. టీ తెప్పించాను. మొదట మందు మాట, తర్వాత పిల్లల మాట, తర్వాత గుంటూరు మాట, మాస్టారు చెప్పిన వరుసలోనే చెప్పాను. మన దగ్గర వేసేది కోవిషీల్డ్ అని పేరు చెప్పాను. నాకు ఆ రాత్రి ఎలా వణుకు వచ్చిందో చూపించాను కూడా. అప్పుడు నవ్వారు. ఒకతను "అమ్మ దాచకుండా చెబుతోంది" అన్నాడు.

తర్వాత మస్టరు సంగతి. పై అధికారిని కలిసి, టీకా వేయించుకున్న మర్నాడు హాజరు వేయాలని అడిగాను. "సరే, చూద్దాం" అన్నారు. అందరూ ఒకేసారి జ్వరపడితే ఊరు చెత్తతో నిండిపోతుంది కాబట్టి రోజుకు పదిమంది చొప్పున పంపమన్నారు. నాకూ అదే మేలు, వయల్‌కు పదిమంది.

శుక్రవారం మొదటి పదిమంది. ముందు పెద్దమ్మే కూర్చుంది. జాకెట్టు చేయి పైకి జరిపితే ఎడమ భుజం మీద పాత మశూచి టీకా మచ్చలు రెండు, గుండ్రంగా, ముడతల్లో కలిసిపోయి ఉన్నాయి. నేను కుడివైపు కూర్చున్నానని ఆ చేయి తుడవబోతే పట్టుకుని ఆపింది. "ఎడమకు వేయి తల్లీ. కుడి చెయ్యి చీపురుది." సూది దిగినప్పుడు కళ్ళు మూయలేదు, నా ముఖమే చూసింది. అరగంట కూర్చోవాలంటే, పనివేళలో ఖాళీగా కూర్చోవడం చేతగాక బెంచీల కింద చెత్త ఏరబోయింది. బలవంతాన కూర్చోబెట్టాను.

పదికి పదిమందీ వచ్చారు. ఈరోజు మరో పదిమంది. వయల్‌లో చుక్క మిగల్లేదు.

నాలుగున్నర_మస్టరు | 22 ఫిబ్రవరి 2021, రాత్రి 8:30

చంపావతి అమ్మకు దండాలు. మా పట్టణం వేరైనా మీ పద్ధతే చేశాను. ముందు నేను వేయించుకున్నాను. నన్ను చూసి తొమ్మిది మంది వచ్చారు. మర్నాడు ఇద్దరు ఆడవాళ్ళకు జ్వరం, రాలేదు. నోటిమాటగా హాజరు వేస్తామన్న మా వాళ్ళు సాయంత్రం రిజిస్టరులో ఇద్దరికీ గైర్హాజరు వేశారు. అడిగితే "కాగితం ఏదీ?" అన్నారు. ఆ ఇద్దరి ముఖం నేను చూడలేకపోయాను. నా మాట మీద చేయి చాపారు వాళ్ళు. మిగిలినవాళ్ళు రేపటి నుంచి రారు, ఎందుకు వస్తారు?

విశ్రాంత_గుమాస్తా | 22 ఫిబ్రవరి 2021, రాత్రి 9:10

మేస్త్రి గారూ, ఇది అన్యాయం. నేను మొదట రాసినదాని మీద వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. బెదిరించే సర్క్యులర్ గురించి రాశాను. అక్కరలో ఉన్నది వేరే సర్క్యులర్.

నోటిమాటకు కార్యాలయంలో విలువ లేదు. రేపే ఒక అర్జీ ఇవ్వండి. విషయం: "కోవిడ్ టీకా తీసుకున్న పారిశుద్ధ్య కార్మికులకు మరుసటి దినం విధి నిర్వహణగా పరిగణించుట". కింద పేర్లు, టీకా వేసిన తేదీ, వేసిన కేంద్రం, కోవిన్ (టీకా నమోదు వెబ్‌సైటు) నుంచి ఫోనుకు వచ్చిన సందేశం నకలు జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఇన్‌వర్డు ముద్ర, సంఖ్య, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. గైర్హాజరు సవరించాలని రెండో పేరాలో విడిగా అడగండి. ఒకే పేరాలో కలిపితే మొదటిదానికి జవాబిచ్చి రెండోది వదిలేస్తారు. తరువాతి బృందాన్ని జవాబు చేతికి వచ్చాకే పంపండి. నాకు ప్రైవేటు సందేశం పెట్టండి, ముసాయిదా రాసి పంపిస్తాను.

నాలుగున్నర_మస్టరు | 3 మార్చి 2021, రాత్రి 7:55

కాగితం వచ్చింది! గుమాస్తా గారు రాసిచ్చినట్టే ఇచ్చాను. మూడుసార్లు తిరిగాను. ఇద్దరి హాజరూ సరిచేశారు. ఉత్తర్వు నకలు మస్టరు గది గోడకు అంటించాను. చదవలేనివాళ్ళు కూడా దాని మీద వేలు పెట్టి చూసి వెళుతున్నారు. రేపు ఎనిమిది మంది వస్తామన్నారు. కోవాగ్జిన్ మూడో దశలో 81 శాతం సమర్థత అని ఈరోజే ప్రకటించారట, అదీ చెప్పాను.

చంపావతి | 24 మార్చి 2021, రాత్రి 9:30

మొదటి విడతల్లో వేయించుకున్న 28 మందిలో 26 మంది రెండో డోసుకు వచ్చారు. ఎవరినీ పిలవలేదు. పెద్దమ్మ వారం ముందే వచ్చి "ఈరోజేనా?" అని అడిగి వెళ్ళింది. మిగిలిన ఇద్దరిలో ఒకామె పుట్టింటికి పార్వతీపురం వెళ్ళింది, అక్కడ వేయించుకుంటానంది.

జాబితాలోని ఇంకో 12 మంది మాత్రం మొదటిదానికే రాలేదు.

డిపో_నుంచి | 7 మే 2021, రాత్రి 11:50

రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. నాతో ఆరేళ్ళు ఒకే బస్సులో తిరిగిన కండక్టరు నిన్న పోయాడు. 41 ఏళ్ళు. 45 నిండనివాడు కాబట్టి ఏప్రిల్‌లో కూడా వంతు రాలేదు. టికెట్ల యంత్రం, చిల్లర సంచి డిపోలో అప్పగించి జ్వరంగా ఉందని ఇంటికి వెళ్ళాడు. ఎనిమిది రోజులు. దహనానికి ఇంటివాళ్ళు దగ్గరికి వెళ్ళలేకపోయారు. చితి పేర్చింది పారిశుద్ధ్య సిబ్బందే. ముగ్గురు. అందరికీ రెండు డోసులు అయ్యాయని వాళ్ళే చెప్పారు. ఫిబ్రవరిలో నేను ఇక్కడ కోపంగా రాసినది గుర్తొచ్చి వాళ్ళకు రెండు చేతులూ జోడించాను.

చంపావతి | 8 మే 2021, ఉదయం 5:40

అన్నా, ఏం రాయాలో తెలియడం లేదు. మీ ఇంట్లో వాళ్ళు బాగున్నారా? మీరు మాస్కు తీయకండి, కిటికీలు మూయకండి.

ఇక్కడ ఆ 12 మందిలో ఏడుగురు పది రోజులుగా రోజూ వస్తున్నారు. మందు లేదు. ఏప్రిల్ మొదటి వారంలోనే ఫ్రంట్‌లైన్ వర్గంలో కొత్త నమోదు ఆపేశారు. జాబితాలో మొదటినుంచీ లేని కొత్త కుర్రాడు ఒకడు, 29 ఏళ్ళు, చెత్త బండి తోలుతాడు, గేటు దగ్గర నిలబడి "ఆ రోజు మీరు అన్నం పారేసినట్టు పారేశారట కదమ్మా" అన్నాడు. పెద్దమ్మ చెప్పిందట.

వంశధార_తీగ | 15 మే 2021, రాత్రి 8:20

మాస్టారూ, మొన్న 13న కోవిషీల్డ్ రెండో డోసును 12 నుంచి 16 వారాలకు పెంచారు. మొదట 4 వారాలన్నారు, మార్చిలో 6 నుంచి 8 అన్నారు, ఇప్పుడు ఇది. మందు లేక గడువు జరుపుతున్నారని మా వాళ్ళందరి మాట.

మందుల_మాస్టారు | 15 మే 2021, రాత్రి 10:05

ఎక్కువ ఎడంతో వేస్తే రక్షణ మెరుగ్గా ఉంటుందని ఆక్స్‌ఫర్డ్ ప్రయోగాల్లో ఫిబ్రవరిలోనే కనిపించింది. కాబట్టి నిర్ణయానికి శాస్త్ర ఆధారం ఉంది. మందు కొరత ఉన్నదీ నిజమే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. కొరత సమయంలో మాట మార్చారు కాబట్టి అనుమానం రావడం సహజం. ఫిబ్రవరిలో, మార్చిలో నాలుగు వారాలకే రెండూ వేయించుకున్నవారు కంగారు పడనక్కర్లేదు, మళ్ళీ వేయించుకోనక్కర్లేదు. ఇది మస్టరు దగ్గర తప్పక చెప్పండి.

ఆశా_కొండదారి | 23 జూన్ 2021, రాత్రి 9:00

కొత్త సభ్యురాలిని, పార్వతీపురం వైపు ఆశా కార్యకర్తను. ఆదివారం రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారని టీవీలో చూపించారు. మా కొండ మీద రెండు ఊళ్ళకు నేను, ఏఎన్ఎం అక్క, వలంటీరు అబ్బాయి నడిచి వెళ్ళాం. ఐస్ పెట్టె వంతులవారీగా మోశాం. మొదటి ఊళ్ళో తలుపులన్నీ వేసి ఉన్నాయి. ఒక ముసలాయన మాత్రం అరుగు మీద కూర్చుని "మీరు వేసుకున్నారా?" అని అడిగాడు. మా ముగ్గురి ఫోన్లలోని ధ్రువపత్రాలు చూపించాను. చదవడం రాదు, మా ఫొటో ఉందా అని అడిగాడు. లేదు. అప్పుడు చేయి చూపించమన్నాడు. నా భుజం మీద ఏ మచ్చా లేదు. ఈ టీకాకు మచ్చ పడదని ఆయన్ను ఒప్పించడానికి గంట పట్టింది. ఆ తర్వాత ఆయనే సవర భాషలో కేకలేసి తలుపులు తీయించాడు. పందొమ్మిది మందికి వేశాం.

డిపో_నుంచి | 24 జూన్ 2021, ఉదయం 6:10

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి అమ్మా. నాకు నిన్న మొదటి డోసు పడింది. ఈరోజు డ్యూటీ వేయవద్దని డిపోలో కాగితం పెట్టాను, గుమాస్తా గారి ముసాయిదాలోనే పేర్లు మార్చి.

ఉద్దానం_కొబ్బరి | 2 ఆగస్టు 2021, రాత్రి 8:40

నాన్నగారికి రెండు డోసులూ అయ్యాయి. బండి నడిపే అబ్బాయికి పరీక్ష చేయించాం. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బండి అద్దం వెనక దోపుకున్నాడు. వారం తర్వాత తనే వెళ్ళి టీకా వేయించుకున్నాడు.

చంపావతి | 11 జనవరి 2022, రాత్రి 9:20

నిన్నటి నుంచి ఆరోగ్య, ఫ్రంట్‌లైన్ సిబ్బందికి మూడో డోసు మొదలైంది. తెల్లవారకముందే పెద్దమ్మ మా గుమ్మం ముందు ఉంది. రెండోది వేసి తొమ్మిది నెలలు నిండాయో లేదో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని వచ్చింది. ఎడమ చేయి.

మా 40 మందిలో 38 మందికి రెండు డోసులు అయ్యాయి. చెత్త బండి కుర్రాడికీ అయ్యాయి. మిగిలిన ఇద్దరిలో ఒకామె నిరుడు గర్భిణి. జూలైలో గర్భిణులకు అనుమతి వచ్చింది కానీ వాళ్ళ అత్తగారు వద్దన్నారు. ఇప్పుడు బాబుకు మూడు నెలలు, సంక్రాంతి తర్వాత వస్తానంది.

రెండో మనిషి కాలువలోకి దిగే ఆయన. ఒకప్పుడు ఏదో శిబిరంలో ఆయన తమ్ముడికి ఏదో సూది వేశారట, ఆ తర్వాత మనిషి బతకలేదట. ఏ సూదో, ఏం జరిగిందో చెప్పినవాళ్ళు లేరు. నెలకొకసారి మస్టరు దగ్గర ఆయన పక్కన కూర్చుని టీ తాగుతాను. తమ్ముడి గురించి కొంచెం చెబుతాడు. టీకా మాట నేనే ఎత్తుతాను, ఒక్కసారే. "ఈ నెల వద్దమ్మా" అంటాడు. వచ్చే నెల మళ్ళీ వెళతాను.